సెల్ ఫోనులో ఊరి గొంతు వినిపిస్తేనే సంఘానికి బలం

రామగిరి: ఒకప్పుడు ఊళ్లో ఏ కబురు తెలియాలన్నా తప్పెట మోగవలసిందే. పొద్దు గూకే వేళ వీధి వీధికీ చాటింపు వేస్తే, మరునాడు జనం రచ్చకట్ట దగ్గర చేరేవారు. ఇప్పుడు ఆ పని సెల్ ఫోను చేస్తోంది. అన్ని చోట్లలాగే, మూతపడిన బంగారు గనులకూ కొండల మీది గాలిమరలకూ పేరుబడిన రామగిరి ప్రాంతంలోనూ వాన కబుర్లు, విత్తనకాయల ధరలు, సంఘం కూటముల సమాచారం వాట్సాప్‌లో తిరుగుతున్నాయి.

అయితే చాటింపు అందరి చెవినా పడేది. ఫోనులో వచ్చే రాత చదువు వచ్చినవారికే అందుతుంది. ఇంటికి ఒకే ఫోను ఉంటే అది ఎక్కువగా మగవారి జేబులోనే ఉంటుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు మాత్రం ఆ ఇంటి ఇల్లాలు. ఈ చిక్కు విప్పుకోకుండా స్వచ్ఛంద సంస్థలు ఎంత ఖరీదైన యంత్రం కొన్నా ప్రయోజనం స్వల్పమే.

ముఖాముఖి మాటే పునాది

ఈ ప్రాంతానికి సంఘాలు కొత్త కావు. అనంతపురం కేంద్రంగా విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు పేరు తెలియని పల్లె లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ రామగిరి, రొద్దం మండలాల పల్లెల్లో కూడా పనిచేస్తోంది. మహిళల పొదుపు సహకార సంఘాలు, సేంద్రియ రైతుల సహకార సంఘం దాని అండతో ఏర్పడ్డాయి.

ఇటువంటి సంఘాలు నిలబడింది నమ్మకం మీద. పొదుపు డబ్బు పదిమంది ఎదుట లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. సేంద్రియ పంటకు హామీ ఇచ్చేటప్పుడు రైతులే ఒకరి పొలం ఒకరు చూసి వస్తారు. ఫోను వచ్చింది కదా అని కూటమి మానేస్తే ఈ నమ్మకానికే చేటు. కూటమికీ కూటమికీ మధ్య రోజుల్లో మాట అందించడమే ఫోను చేయదగిన పని.

బూదికోట, మాచునూరు దారి చూపాయి

చదువు రానివారు కూడా యంత్రాన్ని తమ పనికి వాడుకోగలరని మనకు పొరుగునే రుజువైంది. కోలారు జిల్లా బూదికోటలో మైరాడ, వాయిసెస్ అనే సంస్థలు యునెస్కో సాయంతో ‘నమ్మ ధ్వని’ అనే కేంద్రం నడిపాయి. ఆనాడు పల్లెవారు రేడియో కేంద్రం పెట్టుకోవడానికి అనుమతి లేదు. అందుకని మహిళా సంఘాలవారు తయారుచేసిన కార్యక్రమాలను మొదట మైకులో వినిపించారు. తర్వాత టీవీ కేబుల్ తీగ ద్వారానే ఇళ్లకు పంపారు.

ఆకాశవాణి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2006లో అంగీకరించింది. నాటి మెదక్ జిల్లా, జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దాన్ని నడిపినవారు దళిత మహిళలు. చిరుధాన్యాలు, విత్తనాలు, పశువుల జబ్బులు, పాటలు అన్నీ వారి యాసలోనే వినిపించాయి. అనుమతి రాకముందు వారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం కూటముల్లో వినిపించారు. అదే సంస్థలోని మహిళలు కెమెరా పట్టి, వరంగల్లు బీటీ పత్తి రైతుల కష్టనష్టాలను కూడా చిత్రించారు.

ఈ రెండు ఊళ్లలోనూ పట్నం నుంచి వచ్చినవారు పనిముట్టు వాడడం నేర్పారు. ఏం చెప్పాలో ఊరివారే నిర్ణయించారు. గమనించదగిన సంగతి ఇదే.

ఆ రైతుది ఏ ఊరు?

బెంగుళూరులో 2006లో మొదలైన ‘డిజిటల్ గ్రీన్’ ప్రయత్నం మరొక పాఠం నేర్పింది. రైతులే తమ పొలంలో చేసిన పనిని చిన్న చిత్రంగా తీసి, సాయంకాలం పదిమందిని కూర్చోబెట్టి చూపించారు. చూసినవారు మొదట అడిగిన ప్రశ్న, ఆ రైతు పేరేమిటి, ఏ ఊరివాడు అని. తమవంటి రైతు చేశాడని తెలిస్తేనే వారు నమ్మారు. పక్కన ఒక మనిషి ఉండి, చిత్రాన్ని నడుమ నడుమ ఆపి ప్రశ్నలు అడిగిన చోట ఫలితం బాగా కనిపించింది. ఊరకే చిత్రం వేసి వెళ్లిపోతే అది సినిమా అవుతుంది తప్ప శిక్షణ కాదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన ప్రాంతంలో ఒక పదును తప్పితే వేరుశనగ రైతు పెట్టుబడి మట్టిపాలే. అదను దాటిన తర్వాత అందే సలహా ఎంత మంచిదైనా వృథా. అందువల్ల కబురు త్వరగా రావడం ఎంత అవసరమో, నమ్మదగిన నోటి నుంచి రావడం కూడా అంతే అవసరం.

సంఘాలు చేయదగిన పనులు

రాతకు బదులు మాటను పంపడం మేలు. రెండు నిమిషాలకు మించకుండా, మన యాసలో, చెప్పేవారి పేరు, ఊరు, తేదీ ముందుగా చెప్పి రికార్డు చేస్తే చదువు రాని అవ్వకు కూడా అర్థమవుతుంది. ఫోను లేనివారి కోసం వీధికి ఒకరు బాధ్యత తీసుకుని ఆ మాట వినిపించాలి.

చెప్పడంతో పాటు వినడం కూడా ఉండాలి. సభ్యుల ప్రశ్నలు వినడానికి ఒకరిని, ఒక వేళను నిర్ణయించాలి. వచ్చిన ప్రశ్నలు, వాటి మీద జరిగిన పని పై కూటమిలో చదివి వినిపించాలి. సేద్యంలో సందేహం వస్తే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 కు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

డబ్బు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫోనులో లెక్క వచ్చినా చేతి పుస్తకం మానరాదు. రెండూ సరిపోయాయో లేదో నెలనెలా అందరి ముందు చూడాలి. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. సంఘం పేరు చెప్పి ఎవరు ఓటీపీ అడిగినా చెప్పరాదు. మోసం జరిగిందని తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలపాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు తిరిగి దొరకడం కష్టం.

దాతలకు పంపే ఫోటోలకూ ఒక మర్యాద ఉంది. ఒక తల్లి కష్టాన్ని, ఒక బిడ్డ జబ్బును ఊరూరా తిప్పే ముందు వారి సమ్మతి అడగాలి. ఫోటో ఎవరెవరు చూస్తారో వారికి తెలిసే మాటల్లో చెప్పాలి. మనుషుల సొంత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం మాట అటుంచినా, సాయం పొందినంత మాత్రాన మనిషి పరువు సంస్థ సొత్తు కాదు.

ఈ పనులకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఊళ్లో ఉన్న ఫోన్లు, చదువుకున్న నలుగురు యువతీ యువకులు చాలు. వచ్చే కూటమిలో ప్రతి సంఘం తన సభ్యుల పట్టీ ముందు పెట్టుకుని మూడు సంగతులు రాసుకోవాలి. సొంత ఫోను లేనివారు ఎవరు, చదవలేనివారు ఎవరు, గత నెల కబురు అందనివారు ఎవరు. ఆ మూడు పట్టీల్లో ఉన్నవారికి ముందుగా మాట అందేలా ఏర్పాటు చేసుకుంటే, మిగిలినవారికి అది తప్పక అందుతుంది.