గుంయ్‌మనే గిటార్ యాంప్లిఫైయర్: తప్పు ఎర్త్ తీగది కాదు

పాతకాలపు వాల్వ్ గిటార్ యాంప్లిఫైయర్‌ను ఆన్ చేసి కాసేపు ఆగితే గాజు గొట్టాల లోపల ఎర్రని కాంతి కనిపిస్తుంది. తీగను ఇంకా మీటకముందే స్పీకర్ గుంయ్‌మంటుంది. ఆ రొదను పోగొట్టడానికి కొందరు ఒక చిట్కా పాటిస్తారు: మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగను ఊడదీస్తారు. కొన్నిసార్లు రొద నిజంగానే ఆగిపోతుంది. కానీ వాయించేవారి ప్రాణానికి ఉన్న రక్షణ కూడా దాంతోపాటే పోతుంది.

రొద ఏ స్వరంలో ఉంది?

మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. యాంప్లిఫైయర్‌లోని రెక్టిఫైయర్ దీన్ని ఏకముఖ విద్యుత్తుగా మార్చేటప్పుడు ప్రతి ఆవర్తనంలోని రెండు సగాలనూ వాడుకుంటుంది. అందువల్ల సెకనుకు 100 ఎగుడుదిగుడులు మిగులుతాయి. వాటిని చదును చేయాల్సినవి ఫిల్టర్ కెపాసిటర్లు. దశాబ్దాలు గడిచేసరికి వాటిలోని ఎలక్ట్రోలైట్ ఎండిపోయి, 100 హెర్ట్జ్ రొద స్పీకర్ దాకా చేరుతుంది.

వాల్వుల హీటర్లకు వెళ్లే 6.3 వోల్టుల ఏసీ తీగలు సిగ్నల్ తీగల పక్కనుంచి పోతే 50 హెర్ట్జ్ రొద వస్తుంది. అందుకే ఆ రెండు తీగలను జడలా మెలిపెడతారు. అప్పుడు ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని రెండోది చాలావరకు రద్దు చేస్తుంది.

ఈ తేడాను చెవితోనే పట్టవచ్చు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే 98 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. రొద దాదాపు దానితో కలిస్తే అది 100 హెర్ట్జ్. ఒక స్థాయి కిందుంటే 50 హెర్ట్జ్. వాల్యూమ్ తగ్గించినా రొద తగ్గకపోతే, లోపం వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి భాగంలో ఉన్నట్టు.

ఉక్కు కర్మాగారంలోనూ ఇదే పాఠం

మూడో కారణం గ్రౌండ్ లూప్. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వంటి ఉక్కు పట్టణంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని తెలిసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. ఉక్కు పరిశ్రమలో ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ సిగ్నల్ చాలా చిన్నది. కె రకం థర్మోకపుల్ 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చేది సుమారు 41 మిల్లీవోల్టులే. చుట్టూ భారీ మోటార్లు తిరుగుతుంటాయి. అందుకే ఆ కేబుల్ మీది లోహపు తొడుగును సాధారణంగా ఒక కొసలోనే ఎర్త్ చేస్తారు. రెండు కొసలా చేస్తే, ఆ రెండు చోట్ల ఎర్త్ వోల్టేజిలో ఉండే తేడా వల్ల తొడుగులో కరెంటు పారి కొలత చెడిపోతుంది.

గిటార్ పికప్ సిగ్నల్ కూడా మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది. ఒకే గిటార్‌ను రెండు యాంప్లిఫైయర్లకు కలిపితే, వాటి ఎర్త్ తీగలూ కేబుళ్ల తొడుగులూ కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. ఒక్క యాంప్లిఫైయర్ లోపల కూడా ఇలాంటి చిక్కే ఉంది. కెపాసిటర్లను ఛార్జ్ చేసే కరెంటు, సిగ్నల్ గ్రౌండ్ ఒకే తీగను పంచుకుంటే, 0.01 ఓమ్ నిరోధం మీద 1 ఆంపియర్ పారినా 10 మిల్లీవోల్టులు పుడతాయి. యాంప్లిఫైయర్ వాటిని కూడా సంగీతంలాగే పెంచి వినిపిస్తుంది. అందుకే గ్రౌండ్ తీగలను విడివిడిగా తెచ్చి ఒకే చోట కలుపుతారు.

ఎర్త్ ఉన్నది దేనికి?

ఎర్త్ తీగ అసలు పని రొదను ఆపడం కాదు. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ తొడుగు ద్వారా యాంప్లిఫైయర్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. లోపల ఫేజ్ తీగ ఆ చట్రానికి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు పెద్ద కరెంటు ఆ దారిన పోయి ఫ్యూజు కాలిపోతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టులూ గిటార్ తీగల మీదే కాచుకుని ఉంటాయి. పెదవి మైకుకు తగిలిన క్షణంలో కరెంటు శరీరం గుండా పారుతుంది. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్ హార్వే, సరిగా ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే షాక్‌తో మరణించాడు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే పాత యాంప్లిఫైయర్లతో ఇంకో ప్రమాదం ఉంది. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన చాలా మోడళ్లలో, రొద తగ్గించడానికి మెయిన్స్ తీగకూ చట్రానికీ మధ్య ఒక కెపాసిటర్ పెట్టేవారు. అది షార్ట్ అయితే చట్రానికి నేరుగా కరెంటు వస్తుంది. మెకానిక్కులు దాన్ని ‘డెత్ క్యాప్’ అంటారు. దాన్ని తీయించి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు వేయించాలి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తప్పనిసరి.

రొదకు సరైన మందులు వేరే ఉన్నాయి. ఎండిన కెపాసిటర్లను మార్చాలి. గ్రౌండ్ లూప్ ఉంటే సిగ్నల్ దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అయితే ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. పెట్టె విప్పే పని తెలిసినవారికే వదిలేయాలి.

మన ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా ఉండటం ఊరికే కాదు. సాకెట్‌లో ముందు కలిసేదీ, చివరగా విడిపోయేదీ అదే.