వ్యానునకు ఉక్కుచక్రమా, అల్యూమినియపు చక్రమా?

మన సంఘపు కూరగాయల వ్యానునకు చక్రములు మార్చవలసిన తరుణము వచ్చినది. పాత ఉక్కుచక్రములలో రెండింటి అంచులు వంగి గాలి నిలుపుట లేదు. ఎట్లును మార్చుచున్నాము గనుక నాలుగును అలాయ్ వీల్సు, అనగా అల్యూమినియపు మిశ్రలోహచక్రములు, వేయింతమనియు, అవి తేలికయనియు, డీజిలు మిగులుననియు సభ్యులు కొందఱు సూచించిరి. సొంతవ్యానులు గల సభ్యులకు కూడ ఈ సందేహమే కలుగుచుండును గావున విషయమును కొంచెము విపులముగ వ్రాయుచున్నాము.

చక్రపు నిర్మాణము మన రైతులకు తెలియనిది కాదు. పాత యెడ్లబండి చక్రమునకు కుండ, ఆకులు, పూటీలు వేఱువేఱుగ చేసి కూర్చి, పైన ఇనుపకమ్మిని కాల్చి యెక్కించి నీళ్లు చల్లుదురు. కమ్మి కుదించుకొని కఱ్ఱనంతయు బిగించును. వ్యాను ఉక్కుచక్రము కూడ కూర్పే. ఉక్కురేకును చుట్టి చేసిన రిమ్ము ఒకటి, అచ్చున నొక్కి చేసిన నడిమిపళ్లెము మఱియొకటి. ఈ రెండింటిని వెల్డింగుచే కలుపుదురు. అల్యూమినియపు చక్రమో సాధారణముగ ఒకే పోత. కరిగిన లోహములో నూటికి సుమారు 7 పాళ్లు సిలికానును, కొలదిగ మెగ్నీషియమును కలిపి అచ్చున పోసి, పిమ్మట వేడిచేసి చల్లార్చి గట్టిపఱతురు. ఇది నిన్న మొన్నటి వింత కాదు. 1924 సంవత్సరముననే బుగాటీవారు తమ పందెపుకారునకు ఇట్టి పోతచక్రములు వేసిరి.

తేలిక యనుమాటలో నిజమున్నది గాని యనుకొన్నంత లేదు. ఒకే పరిమాణము గల ముద్దలను తూచినచో అల్యూమినియము ఉక్కులో మూడవవంతు మాత్రమే తూగును. కాని దాని బలమును తక్కువ యగుటచే చక్రమును మందముగ పోయవలసివచ్చును. తుదకు చిన్నవ్యాను చక్రమొక్కంటికి కిలో, కిలోన్నర తగ్గిన గొప్ప. నాలుగింటికి ఆఱు కిలోలనుకొందము. టొమాటోపెట్టె యొకటి 25 కిలోలు తూగునుగదా! సరకుతోగూడ 1,500 కిలోలుండు బండిలో ఆఱు కిలోలు నూటికి అరపాలు కూడ కాదు. దానివలన మిగులు డీజిలుకంటె, టైర్లలో గాలి చాలక నడుపుటచే వ్యర్థమగు డీజిలే యెక్కువ. పెద్దలారీల సంగతి వేఱు. వాటికి 1948 నుండి వచ్చుచున్న సమ్మెటపోటు అల్యూమినియపు చక్రములు, పోతవి కానివి, ఒక్కొక్కటి ఉక్కుదానికన్న సుమారు పది కిలోలు తగ్గును. పదిచక్రముల లారీకి అది క్వింటాలు సరకు. వారి లెక్క వారికి సరిపోవును.

ఇక గోతుల మాట. మన దారులలో కల్వర్టు అంచును, గోతిని తాకని దినముండదు. ఉక్కురిమ్ము దెబ్బతగిలిన వంగును, గాలి జాఱును, బండి వణకును, డ్రైవరునకు తెలియును. చిన్నవంపును మండలకేంద్రములోని షాపులోనే సరిచేయవచ్చును. పోత అల్యూమినియము వంగుట తక్కువ, పగులుట యెక్కువ. సన్నని బీటలు లోపలిప్రక్కనుండి పుట్టి పైకి కనబడక మెల్లగ పెరుగును. బీటను వెల్డింగుచేసి యిత్తుమని చెప్పువారు కలరు. కాని ఆ మంటకు, ముందు వేడిచేసి తెచ్చిన గట్టిదన మాచోట పోవును. అట్టి చక్రమును సరకుబండికి మరల తొడుగరాదు. ఉక్కుచక్రమునకును బోల్టురంధ్రములు సాగినను, వెల్డింగువెంబడి బీటవారినను అదే గతి. దానిని పాతయినుమునకు వేయవలయును.

ఇంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. ప్రతి అలాయ్ చక్రముమీదను అది మోయదగిన బరువు కిలోలలో అచ్చువేసి యుండవలయును. వెనుకయిరుసునకు 1,200 కిలోల అనుమతి యున్న బండియనుకొన్నచో, చక్రమొక్కటి 600 కిలోలకు తక్కువ కానిది కావలయును. అంగడిలో తళతళలాడునవి చాలవఱకు కార్లకొఱకు చేసినవి. వాటి మోత ఇందుకు చాలదు. రంధ్రములు సరిపోయినవి గదాయని తొడిగినచో ప్రమాదము. గత వేసవిలో పొరుగూరి వ్యానొకటి యిట్లే వాడినకారుచక్రములు కొని తొడిగించుకొనెను. బీటలపై రంగు పూసియుండెను. మామిడికాయల లోడుతో కల్వర్టు దిగునపుడు వెనుకచక్రము విఱిగి బండి ఒరిగెను. పైన కూర్చున్న హమాలీ కాలు విఱిగి నాలుగునెలలు పనికి పోలేదు. చక్రములలో మిగిలిన సొమ్మెంతయో, ఆసుపత్రి కెంత యయ్యెనో చెప్పనక్కఱలేదు. లోడుపై మనుష్యుల నెక్కించుటయు తప్పే. ఆ మాట వేఱొకసారి వ్రాసెదము.

నట్లను గూర్చి యొకమాట. అలాయ్ చక్రపు నడిమిభాగము మందము గనుక పాత నట్లు, బోల్టులు చాలకపోవచ్చును. నట్టు కూర్చుండు చోటి ఆకారము కూడ వేఱుగ నుండవచ్చును. స్టెప్నీ ఉక్కుదే యుండినచో దాని నట్లను కూడ బండిలో నుంచవలయును. ఏచక్రమైనను నట్లను వరుసగ గాక ఎదురెదురుగ బిగించి, 50 మొదలు 100 కిలోమీటర్లు నడచినపిమ్మట మరల బిగింపవలయును. పానాపై కాలుపెట్టి త్రొక్కరాదు, బోల్టు సాగును.

తుప్పు ఉక్కునకే యనుకొందురు. అల్యూమినియము తుప్పుపట్టదుగాని పొటాషుయెరువు, ఉప్పు, రొయ్యలపెట్టెలనుండి కాఱు ఉప్పునీరు దానిని గుంటలుగుంటలుగ తినివేయును. టైరు ఆనుచోట అట్లయిన గాలి నిలువదు. యెరువు దింపిననాడే మంచినీటితో కడుగవలయును. ఆమ్లము గల పొడులతో తోమరాదు.

ఈ కారణములచే సంఘపు వ్యానునకు కంపెనీవారు నిర్ణయించిన కొలతల ఉక్కుచక్రములనే రెండు కొనుటకును, మిగులు సొమ్ముతో అరిగిన వెనుకటైర్లు మార్చుటకును కార్యవర్గము నిశ్చయించినది. బండితోపాటు కంపెనీయే యిచ్చిన అలాయ్ చక్రములు గల సభ్యులు వాటిని మార్చనక్కఱలేదు. టైరు విప్పినప్పుడెల్ల లోపలిప్రక్క మట్టి కడిగి, ఆకుల మొదళ్లయందును బోల్టురంధ్రముల చుట్టును వెండ్రుకవంటి గీత యున్నదేమో వెలుతురున చూచుకొనిన చాలును.