కోనసముద్రం ఇనుము ఎక్కడ పుట్టింది?

కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా పడమటికి వెళితే కమ్మరపల్లి వస్తుంది. ఆ ప్రాంతంలోనిదే కోనసముద్రం. అక్కడి కమ్మరులు మూసల్లో కాచిన ఉక్కును 19వ శతాబ్దంలో కూడా పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. పేరుపొందిన డమాస్కస్ కత్తులకు అలాంటి ఉక్కే కావాలి. కమ్మరి ఖనిజం నుంచి ఇనుమును వేరు చేశాడు. కాని ఇనుప పరమాణువులను తయారు చేయలేదు. మరి అవి ఎక్కడ తయారయ్యాయి?

నక్షత్రాలలో!

విశ్వం పుట్టి సుమారు 1380 కోట్ల సంవత్సరాలయింది. మొదట్లో ఉన్నవి హైడ్రోజన్, హీలియం, లవలేశం లిథియం. కార్బన్, ఆక్సిజన్, ఇనుము వంటివి తర్వాత నక్షత్రాల గర్భంలోను, వాటి పేలుళ్లలోను తయారయ్యాయి. పేలిన నక్షత్రం చిమ్మిన పదార్థం అంతరిక్షంలోని వాయువులో కలుస్తుంది. ఆ వాయువు నుంచే కొత్త నక్షత్రాలు పుడతాయి. అందుకే మన పాలపుంతలో తరతరానికీ బరువైన మూలకాలు పెరుగుతూ వచ్చాయి. 460 కోట్ల ఏళ్ల సూర్యునిలో ఇవి నూరు కిలోలకు ఒకటిన్నర కిలో దాకా ఉంటాయి. కొన్ని ముసలి నక్షత్రాలలో ఇందులో వెయ్యో వంతు కూడా లేదు.

నక్షత్రాన్ని ముట్టుకోకుండా ఎలా తెలిసింది?

నక్షత్రపు కాంతిని వర్ణపటంగా విడదీస్తే, సిరిసిల్ల మగ్గం మీది రంగుల బట్టలో నల్లపోగుల్లా, సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఏ గీత ఏ మూలకానిదో ప్రయోగశాలలో సరిపోల్చి చెప్పవచ్చు. గీత గాఢతను కొలిచి, నక్షత్రపు ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ మూలకం ఎంత ఉందో తేలుతుంది.

పెసర, మామిడి

పెసర పంట రెండు మూడు నెలల్లో చేతికొస్తుంది. జగిత్యాల మామిడి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఒక రైతు రెండింటినీ ఒకే రోజు వేశాడనుకోండి. ఇంట్లో పెసలే ఉండి మామిడిపండు లేకపోతే, సేద్యం మొదలై ఎక్కువకాలం కాలేదని మీరే చెబుతారు.

ఆక్సిజన్, మెగ్నీషియం పెసర వంటివి. భారీ నక్షత్రాలు కొద్ది కోట్ల ఏళ్లలోనే పేలి వాటిని వెదజల్లుతాయి. కొంత ఇనుమునూ ఇస్తాయి. కాని ఇనుములో పెద్ద వాటా శ్వేతకుబ్జాలనే చిన్న నక్షత్రాలు పేలినప్పుడు వస్తుంది. అందుకు వంద కోట్ల ఏళ్లు, ఒక్కోసారి అంతకుమించి కూడా పట్టవచ్చు. అది మామిడి కాపు!

బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన బి. ఈశ్వర్ రెడ్డి, ఆయన సహచరులు టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ వేధశాల నుంచి సూర్యుని వంటి 181 నక్షత్రాలను పరిశీలించి, 27 మూలకాల లెక్కను 2003లో ప్రకటించారు. పాలపుంత పళ్లెంలో సూర్యుడున్నది పలుచని పొర. దానికి పైనా కిందా వ్యాపించినది మందపు పొర. 2006లో మందపు పొరకు చెందినవి కావచ్చని ఎంచుకున్న 176 నక్షత్రాల లెక్క వెలువడింది. ఇనుము సమానంగా ఉన్నా, మందపు పొర నక్షత్రాలలో మెగ్నీషియం ఎక్కువగా కనిపించింది. అంటే మామిడి బాగా కాపుకు రాకముందే అవి త్వరత్వరగా పుట్టాయన్నమాట.

కోనసముద్రం ఉక్కులోని ఇనుమూ, మీ రక్తంలోని ఇనుమూ సూర్యుడు పుట్టకముందే పేలిపోయిన నక్షత్రాలవే.

ఆలోచించండి: రెండు నక్షత్రాలలో ఇనుము సమానం. మొదటిదానిలో మెగ్నీషియం రెట్టింపు. రెండింటిలో ఏది ముసలిది కావచ్చు? ఎందుకు?