వార్తల్లో పదం: డబుల్ బ్లైండ్ రివ్యూ

పరిశోధన పేపర్ ఎవరు రాశారో సమీక్షకులకు తెలియదు, ఎవరు సమీక్షిస్తున్నారో రాసినవాళ్లకు తెలియదు. ఇదే డబుల్ బ్లైండ్ రివ్యూ. కంప్యూటర్ సైన్సులో చాలా శాఖల్లో జర్నల్ కన్నా పెద్ద కాన్ఫరెన్సులో పేపర్ పడటమే గొప్ప. పీహెచ్‌డీ విద్యార్థి భవిష్యత్తు చాలావరకు ఈ వడపోత మీదే ఉంటుంది.

మొదటి పేజీలో పేర్లు తీసేస్తే సరిపోదు. ‘మా గత పేపర్లో చూపినట్టు’ అన్న ఒక్క ముక్క చాలు, గుట్టు రట్టవడానికి. దాన్ని పరాయివాళ్ల పనిలా తిరగరాయాలి. కృతజ్ఞతలు, కోడ్ లింకులో సంస్థ పేరు కూడా తీసేయాలి. తర్వాత సాధారణంగా ముగ్గురు నలుగురు చదివి మార్కులు వేస్తారు. రచయితలకు జవాబు చెప్పుకొనే అవకాశమిచ్చినా కొద్దిరోజులే.

పేరు దాచినంత మాత్రాన తీర్పు నికరమైపోదు. 2014లో మెషిన్ లెర్నింగ్ సదస్సు నిప్స్ (ఇప్పటి న్యూరిప్స్) 166 పేపర్లను రెండు వేర్వేరు కమిటీలకు ఇచ్చింది. నాలుగో వంతు పేపర్లపై అవి చెరో మాట చెప్పాయి. ఒక కమిటీ తీసుకున్నవాటిలో సగానికి పైగా రెండోది వద్దంది! 2021లో మళ్లీ చేసినా ఫలితం దాదాపు అదే.

పేపర్ తిరిగొచ్చి కుంగిపోయిన విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే: 1991లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ దాని గురించి పంపిన పేపర్‌ను హైపర్‌టెక్స్ట్ సదస్సు తీసుకోలేదు. శాన్ ఆంటోనియోలో జరిగిన ఆ సదస్సులో డెమో చూపించుకోమంది, అంతే.