భూగర్భజలమును ప్రభుత్వ పరిశోధనయు

ఏటికి నాలుగు మారులు, జనవరిలో నొకమారు, వేసవిలో నొకమారు, ఆగస్టులో నొకమారు, నవంబరులో నొకమారు, కేంద్ర భూగర్భజల మండలి యుద్యోగి యొకరు ఎంపిక చేసిన బావులయొద్దకు వచ్చి, టేపు జారవిడిచి, నీరు నేలమట్టమునకు ఎన్ని మీటర్ల లోతున నున్నదో కొలిచి, పుస్తకమున వ్రాసికొని పోవుచుందురు. వారిని చూచి కొందఱు ఋణమిచ్చుటకు వచ్చిరనియు, కొందఱు శిస్తు వేయుటకు వచ్చిరనియు తలచుట కలదు. వచ్చినవారు చెప్పరు, చూచినవారు అడుగరు. దేశమందంతటను వేలకొలది బావులయొద్ద ఏండ్ల తరబడి ఈ కొలత జరుగుచున్నది. దీనికగు వ్యయము మన పన్నుల నుండియే పోవుచున్నది. ఆ పుస్తకమున నేమున్నదో, అందువలన మన పొలమునకేమి ప్రయోజనమో విచారింపవలసిన కాలము వచ్చినది.

నేలను శోధించుట మన దేశమున ప్రభుత్వకార్యముగా నేర్పడినది 1851లో. ఆ యేట థామస్ ఓల్డుహామ్ అను భూశాస్త్రజ్ఞుడు కలకత్తాకు వచ్చి భారత భూగర్భ పరిశోధనశాఖకు పునాది వేసెను. కంపెనీ ప్రభుత్వమువారికి అప్పుడు కావలసినది శాస్త్రము కాదు, బొగ్గు. పొగయోడలకును, రాబోవు రైళ్లకును బొగ్గు కావలెను. మన తెలుగునాటను ఆ యన్వేషణ ఫలించినది. 1871లో ఆ శాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనుటయే సింగరేణి గనులకు మూలము. ఆ గనుల హక్కులు 1886లో ఇంగ్లండులో నేర్పడిన కంపెనీ యొకదాని చేతికి పోయినవి. వెదకుటకు వ్యయము ప్రజలది, దొరకినదానిపై లాభము పరులది. ఆనాటి పద్ధతి యది.

అయినను సత్యము నన్వేషించువారు యజమానుని యక్కఱకు లోబడి యుండరు. థామస్ ఓల్డుహామ్ భారతదేశమున సంభవించిన భూకంపములకు పట్టిక నొకదానిని సిద్ధపఱచి, అది యచ్చుపడకమునుపే గతించెను. దానిని 1883లో ప్రకటించినవాడు, అదే శాఖలో చేరిన యాయన కుమారుడు రిచర్డు ఓల్డుహామ్. 1897 జూను 12వ తేదీన షిల్లాంగు ప్రాంతమును అల్లకల్లోలము చేసిన మహాభూకంపమును ఈయనయే పరిశీలించెను. దూరదేశములందలి యంత్రములు వ్రాసిన రేఖలను చూచి, భూకంపమున పుట్టు అలలు ఒకటే తీరువి కావనియు, ముందు వచ్చునవి కొన్ని, వెనుక వచ్చునవి కొన్ని, నేలపైననే ప్రాకునవి కొన్ని యనియు వేఱుపఱచెను. ఆ త్రోవనే పోయి 1906లో భూమి నడిమి భాగము పైపొరల వంటిది కాదనియు, అందు వేఱుగా నొక గర్భము కలదనియు నిరూపించెను. అస్సాములో కూలిన గోడల ననుసరించి పోయిన వాని బుద్ధి భూకేంద్రమును ముట్టినది. ఇంతటి ఫలము కలుగునని ముందుగా లెక్కవేసి ఏ ప్రభుత్వమును డబ్బు మంజూరు చేయజాలదు.

ఈ శాఖలో భారతీయునకు చోటు సులభముగా దొరకలేదు. ప్రమథనాథ బోసుగారు 1880లో అందు చేరి యిరువది మూడేండ్లు పనిచేసిరి. తమకంటె వెనుక చేరిన దొర నొకరిని తమ పైకెక్కింపగా 1903లో ఉద్యోగము మానుకొనిరి. తరువాత మయూరభంజము కొండలలో ఇనుపరాతిని కనుగొని 1904లో జంషెడ్జీ తాతాగారికి వ్రాసిన జాబే జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమునకు దారితీసినది. శాఖాధిపత్యము భారతీయుని చేతికి వచ్చుటకు 1951 వఱకు, అనగా శాఖ పుట్టి నూఱేండ్లు నిండువఱకు, కాచుకొనవలసి వచ్చినది. అట్లు వచ్చినవారు ఎం. ఎస్. కృష్ణన్‌గారు.

స్వాతంత్ర్యానంతరము పని విస్తరించినది. 1961లో హైదరాబాదున జాతీయ భూభౌతిక పరిశోధనాలయము వెలసినది. గొట్టపుబావులు త్రవ్వి చూచుటకై వ్యవసాయశాఖ క్రింద నుండిన సంస్థయే 1970లో కేంద్ర భూగర్భజల మండలిగా మాఱినది. 1972లో భూగర్భ పరిశోధనశాఖ యందలి జలవిభాగమును దానితో కలిపిరి. రాష్ట్రములకును వేఱుగా భూగర్భజల శాఖలున్నవి. సంస్థలకు కొఱత లేదు.

ఇక నవి చెప్పుచున్న దేమి? తెలంగాణమునను రాయలసీమయందును మన కాళ్లక్రింద నున్నది చాలవఱకు నల్లఱాయి, గ్రానైటు జాతి. కృష్ణా గోదావరీ డెల్టాల ఒండ్రుమట్టి వలె నిది నీటిని పీల్చి దాచుకొనునది కాదు. గోదావరి లోయయందలి ఇసుకఱాతి వలె గుల్లగా నుండునదియు కాదు. గట్టిఱాతిలో నీరు నిలుచుటకు రెండే చోట్లు: ఱాయి చివికి మొరమైన పైపొర, దాని క్రింద ఱాయి పగిలి నెఱ్ఱెలువాఱిన పొర. హైదరాబాదునకు దక్షిణమున మహేశ్వరము చెంత, సుమారు 53 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహకమును మన భూభౌతిక పరిశోధనాలయమువారును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులును 1999 నుండి కలిసి పరిశీలించిరి. ఆ నెఱ్ఱెలు చాలవఱకు ఱాయి చివుకుటవలననే పుట్టినవనియు, కావున అవి మొరము క్రిందనే దట్టముగా నుండి, లోతు పోయినకొలది పలుచబడుననియు వారు తేల్చిన విషయము. అనగా నీటిని దాచుకొను పాత్ర మనకు లోతైనది కాదు. వెడల్పైన పళ్లెము వంటిది.

ఈ యొక్క మాట మన రైతునకు తెలిసియుండిన నెన్ని యిండ్లు నిలిచెడివో! మేమెఱిగిన యొక రైతు మూడేండ్లలో నైదు బోర్లు వేయించెను. మొదటిది రెండువందల యడుగులు, అయిదవది వేయి దాటినది. అఱచేత కొబ్బరికాయ నిలిపి నీళ్లు చూచువాడు ప్రతిమారును వచ్చెను, ప్రతిమారును దక్షిణ పుచ్చుకొనెను. ఐదవదానిలో తడి యిసుకయైన రాలేదు, పొడి యెగసినది. భార్యమెడలోని బంగారము నాలుగవదానికే పోయినది. రెండువందల యడుగులలో లేని నీరు వేయి యడుగులలో ఊరకుండి తనకొఱకు కాచుకొని యుండునని వానికి చెప్పినవారెవరు? కొబ్బరికాయవాడు చెప్పెను, బోరు లారీవాడు చెప్పెను. ఈ దేశమున లోతు పోయిన నీరు దొరకుట యరుదని ఋజువుతో నెఱిగినవారు మాత్రము వానికి చెప్పలేదు. వారు దానిని ఆంగ్లమున వ్రాసి, విదేశ పత్రికలందు ప్రకటించిరి.

మఱియొక లెక్క చూతము. ఏడువందల మిల్లీమీటర్ల వాన కురియు ప్రదేశమున, గట్టిఱాతి నేలలో భూమిలోనికి దిగునది ఇంచుమించుగా పదవవంతు, అనగా డెబ్బది మిల్లీమీటర్లు. ఒక్క యెకరము వరికి సుమారు పండ్రెండు వందల మిల్లీమీటర్ల నీరు పెట్టవలెను. బోరు క్రింద ఒక యెకరము దాళ్వా వరి వేసిన రైతు పదునేడెకరముల మీద కురిసిన వాన భూమిలోనికి దింపిన నీటిని తానొక్కడే తోడుకొనుచున్నాడు. పెట్టిన నీటిలో సగము మరల నేలలోనికి ఇంకునని యొప్పుకొన్నను, ఎనిమిది తొమ్మిది యెకరముల పాలు వానిదే. ఊరిభూమిలో పదవవంతు బోర్లక్రింద వరియైన, ఊరి నీటి ఆదాయ మంతయు వ్యయమైనట్లే. త్రాగుటకును, పశువులకును, వాన తప్పిన యేటికిని మిగులున దేమియు లేదు. ఇట్టి నేలలో నూటికి రెండు పాళ్లే నీరు పట్టును గనుక, అఱువది మిల్లీమీటర్ల నీరు తోడినచో మట్టము మూడు మీటర్లు పడును. వేసవిలో బావి యట్లు తటాలున ఎండుటకు శనిదోషము కారణము కాదు, ఈ గణితమే.

ప్రభుత్వమువారి నిపుణులు ఈ గణితమునే ప్రతి మండలమునకును వేయుచున్నారు. ఏటేట భూమిలోనికి దిగుదానిలో తీయదగిన నీరెంత, తీయుచున్నదెంత యని చూచి, నూటికి డెబ్బది లోపల నున్న సురక్షితమనియు, నూఱు దాటిన అతిగా తోడబడినదనియు పేరు పెట్టుచున్నారు. నడుమ నున్నవానికి రెండు మెట్లు. పూర్వము కొన్ని యేండ్లకొకమారు జరిగిన యీ గణన 2022 నుండి ప్రతి సంవత్సరమును జరుగుచున్నది. ఇది చేయు ప్రభుత్వమే 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చినది. అప్పులలో మునిగిన రైతునకు అది యూరటయే. దానిని మేము నిందింపము. కాని ఒక చేత నీరు తఱుగుచున్నదని వ్రాయుచు, రెండవ చేత ఎంతయైన తోడుకొమ్మని మీట నొక్కుట చూచి శాస్త్రజ్ఞులు నిట్టూర్చుట తప్ప చేయగలిగిన దేమి? జలము, భూమి, వృక్షముల రక్షణకై 2002లో చేసిన శాసనము ననుసరించి బావిని నమోదు చేయింపవలెను, క్రొత్త బోరునకు అనుమతి పొందవలెను. ఆ శాసనము కలదని యెఱిగిన భూస్వాములు మాకు కొలదిమంది మాత్రమే కనబడిరి.

నీటి పరిమాణమే కాదు, గుణమును చూడవలెను. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో జనులకు పండ్లు గారపట్టుటయు, వెన్నెముక కొయ్యబాఱుటయు చూచి, త్రాగునీటియందలి ఫ్లోరైడే కారణమని వైద్యులు ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని గుర్తించుట అదియే మొదలు. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడిపడినది. గ్రానైటు ఱాతిలోని కొన్ని ఖనిజముల నుండి ఫ్లోరైడు నీటిలో కరగును. నీరెంతకాలము ఱాతి నంటియుండిన నంత యెక్కువగా కరగును. కాబట్టి లోతు బోరు వేసి పాతనీటిని పైకి తెచ్చుకొన్నవారు నీటితో పాటు విషమును కొని తెచ్చుకొనుట పెక్కు చోట్ల జరిగినది. లీటరునకు ఒకటిన్నఱ మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరు నందలి జాతీయ పరిశోధనాలయమువారు కనిపెట్టగా, అది నల్లగొండ పద్ధతి యని లోకమంతటను ప్రసిద్ధికెక్కినది. ఆ జిల్లావారికి దక్కిన కీర్తి యిట్టిది! పద్ధతి చౌకయేగాని, దినదినము పటిక కొలత తప్పక వేయువారు కావలెను. పల్లెలలో అది సాగలేదు. తుదకు 2016లో ఆరంభమైన భగీరథ పథకమువలన నదీజలము గొట్టములలో వచ్చుటయే తెలంగాణమున నిజమైన చికిత్స యైనది. వంగిన వెన్నెముకలు మాత్రము తిరిగి నిలువలేదు.

భూకంపముల మాట యెత్తిన మనవారు హిమాలయములవైపు చూపుదురు. 1967 మార్చిలో ఒంగోలునను, 1969 ఏప్రిలులో భద్రాచలమునను నేల కదలినది. మొన్న 2024 డిసెంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమున 5.3 పరిమాణముతో కదలగా హైదరాబాదున కూడ జనులు వీధులలోనికి వచ్చిరి. అన్నిటికంటె పెద్ద పాఠము మన పొరుగున జరిగినది. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపట్ల వేలకొలది జనులు నిద్రలోనే సమాధియైరి. ఆనాటి ప్రభుత్వ పటమున అది భూకంపభయము మిక్కిలి తక్కువగా గల ప్రాంతము. 2002లో పటమును సవరించి, అట్టి నిర్భయ ప్రాంతమను తరగతినే తీసివేసిరి. తప్పును దిద్దుకొనుట శాస్త్రమునకు గౌరవమే. కాని కిల్లారిలో చంపినది నేల కదలిక యొక్కటే కాదు. మట్టితో పేర్చిన మందపు ఱాతిగోడలు, వానిపైని మట్టికప్పు బరువు చంపినవి. మన రాయలసీమలో పాత మిద్దెలు ఎట్లున్నవో పాఠకులే చూచుకొనవచ్చును. గోడలో అక్కడక్కడ ఈ కొస నుండి ఆ కొసకు పట్టు పొడుగుఱాళ్లు వేయుట, కప్పుక్రింద గోడల చుట్టును పట్టీ కట్టుట గొప్ప వ్యయముతో కూడిన పనులు కావు.

శాస్త్రము పల్లెవానికి అర్థము కాదను మాట మేము నమ్మము. అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారి సాయముతో 2003 మొదలు కొన్ని యేండ్లు ఒక ప్రయత్నము జరిగినది. రైతులే, అందు స్త్రీలును, వానకొలత పాత్ర పెట్టి వాన కొలిచిరి. తమ బోర్లలో తామే మట్టము కొలిచిరి. రబీకి ముందు ఊరంతయు కూడి, ఇంత నీరున్నది, ఇంత పంట పెట్టవచ్చునని పద్దు వేసిరి. ఊరి గోడమీద ఆ లెక్క అందఱికి కనబడునట్లు వ్రాసిరి. ఆరువందలకు పైగా పల్లెలలో నిది సాగినది. వరి మానుమని ఎవరును ఆజ్ఞ చేయలేదు, దండన లేదు. లెక్క చూచినవారు పెక్కు చోట్ల తమంతట తామే వరి తగ్గించి, తక్కువ నీటి పంటలకు మఱలిరి. పదునేడెకరముల గణితము మాటలలో చెప్పిన వాదమగును, గోడమీద తన యూరి పేరుతో నున్నచో నది యింటి జమాఖర్చే.

కావున మేము కోరునది క్రొత్త సంస్థ కాదు. ఉన్న సంస్థల వార్షిక నివేదికలలో మండలమున కొక పుట చొప్పున తెలుగున అచ్చువేసి, పంచాయతీ కార్యాలయములలో అంటింపవలెను. బోరు అనుమతి పత్రముతోనే ఆ యూరిలో నీరు పడిన లోతులు, పడని లోతులు వ్రాసి ఈయవలెను. భూస్వాములు తమవంతుగా బోరు వేయించునప్పుడు ఎన్ని యడుగులకు ఏ ఱాయి వచ్చినదో, ఎక్కడ తడి తగిలినదో ఒక కాగితముపై వ్రాయించి దాచుకొనవలెను. అది దాయాదులకు చూపరాని రహస్యము కాదు. ఇక ఈ వేసవిలో టేపు పట్టుకొని ఆ యుద్యోగి మీ యూరి బావియొద్దకు వచ్చినప్పుడు, మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టి, గడచిన పదియేండ్ల కొలతలు చదివి వినిపింపుమని యడుగుడు. అవి దాచవలసినవి కావు, ఆయన వద్ద నుండును.