కోడిపోరు: కారంపూడిలో నాలుగో రోజు

పల్నాడు జిల్లా కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఏటా కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదు రోజులు సాగే వీరుల ఆరాధనోత్సవం తెలుగునాట ఏ టెలివిజన్ ధారావాహికకంటెనూ పాతదైన ధారావాహిక. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో రోజుకొక ఘట్టాన్ని ఇక్కడ ఆచరిస్తారు. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ, అనగా సవతి సోదరుల నడుమ, జరిగిన యుద్ధమే దీని ఇతివృత్తం.

ఈ అయిదింటి వరుస కథాక్రమాన్ని అనుసరించదు. గురజాల మంత్రిణి నాగమ్మ పుంజుతో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పుంజు తలపడి ఓడిపోగా, పందెపు షరతు ప్రకారం మాచర్ల పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచిపోయింది. ప్రవాసంలో వారి ఆలమందపై జరిగిన దాడి మందపోరు. గడువు తీరాక రాజ్యభాగం కోరుతూ మాచర్ల పక్షపు రాయబారి అలరాజు గురజాలకు వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న ఘట్టం రాయబారం. అన్నిటికీ మూలమైన కోడిపోరు మాత్రం ఉత్సవంలో నాలుగో నాటికి, యుద్ధఘట్టమైన కల్లిపాడుకు సరిగ్గా ముందు వస్తుంది. కథ ఎరిగినవారికి తరువాత ఏమి జరుగుతుందన్న ఉత్కంఠ ఉండదు గనుక, పతనానికి కారణమేదో పతనపు ముంగిట నిలిపి చూపే ఈ అమరిక ఆరాధనకు ఎంతో తగినది. రేపటి భాగాన్ని దాచిపెట్టి ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచే పద్ధతికి ఇది పూర్తిగా భిన్నమైనది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక అనేక ఇళ్లలో టెలివిజన్ పెట్టెకు దండ వేసి హారతి ఇచ్చారు. తెలిసిన కథను కొలుచుకొనే ఆ స్వభావమే ఇక్కడ మరింత గాఢంగా కనిపిస్తుంది. వీరాచారవంతులు, అంటే వీరుల పరంపరను పాటించే కుటుంబాలవారు, కొణతాలనే వీరుల ఆయుధాలను తెచ్చి పూజిస్తారు. కథను తరతరాలుగా పాడే గాయకులను వీరవిద్యావంతులంటారు. వీరి సంప్రదాయంలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశ, అరవైఆరుగురు వీరులు పూజ్యులు. కులభేదం లేక ఒకే చాపపై భుజించే చాపకూడు ఈ కథకు హృదయం. అద్భుతం, చరిత్ర, సామాజిక ధర్మం ఇంతగా కలిసిపోయిన కథ తెలుగులో అరుదు.

శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ద్విపదకావ్యం, 1947, 1966ల నాటి ‘పల్నాటి యుద్ధం’ చిత్రాలు కథను దూరదూరాలకు చేర్చాయి. 1982లో జీన్ రోగైర్ వెలువరించిన ఆంగ్లానువాదం, పరిశీలన మాత్రం గాయకుడి నోటి పాటనే ఆధారం చేసుకున్నాయి. విద్వల్లోకానికి ఇదే అసలైన మేలు.

కల్పితలోకాల కోసం వెతికే తెలుగు టెలివిజన్ నిర్మాతలు ఒక కార్తీకంలో కారంపూడికి వచ్చి, వీరవిద్యావంతుల అనుమతితో, వారికి తగిన పారితోషికమిచ్చి, కోడిపోరు పాటను మొదటినుండి చివరిదాకా కోత లేకుండా చిత్రీకరించి ప్రసారం చేయాలి.