నత్తి ఏ భాషలో ఉంటుంది?

1921లో ఇంగ్లీషు రచయిత సోమర్సెట్ మామ్ మొదటిసారి సింగపూర్ వచ్చినప్పుడు అతని వెంట జెరాల్డ్ హాక్స్టన్ అనే సహచరుడున్నాడు. ఓడల్లోనూ క్లబ్బుల్లోనూ కొత్తవారిని పలకరించి మాటల్లోకి దింపే పని హాక్స్టన్‌ది. పక్కన కూర్చుని వినే పని మామ్‌ది. మలయా నేపథ్యంలో మామ్ రాసిన కథలకు ముడిసరుకు చాలావరకు ఇలాగే సమకూడింది. మామ్ బిడియస్తుడు, పైగా నత్తి. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో చదివి 1897లో వైద్యపట్టా పుచ్చుకున్నవాడే అయినా తన నత్తికి మాత్రం అతనికి మందు దొరకలేదు.

మామ్ పుట్టింది పారిస్‌లో. చిన్నతనంలో అతని నోట ఆడింది ఫ్రెంచి భాష. ఎనిమిదో ఏట తల్లినీ, పదో ఏట తండ్రినీ పోగొట్టుకుని ఇంగ్లండులో పినతండ్రి ఇంటికి చేరాడు. నత్తి ఆ రోజుల్లోనే బయటపడిందని చెబుతారు. తల్లిదండ్రులు లేరు, ఊరు కొత్త, భాష కొత్త. ఈ మూడింటిలో లోకం తప్పు మోపేది భాష మీదే. రెండు భాషలు ఒకేసారి మీద పడితే పిల్లల నాలుక తడబడుతుందన్న నమ్మకం చాలా పాతది. సింగపూర్‌లో కాపురమున్న తెలుగువారి ఇళ్ళలో ఆ నమ్మకానికి నేటికీ బలం తగ్గలేదు.

అందుకు అక్కడి పరిస్థితి కూడా అనువుగానే ఉంది. 1966 నుంచి సింగపూర్ బడుల్లో ద్విభాషా విధానం అమలవుతోంది. 1987 నాటికి అన్ని బడుల్లోనూ ఇంగ్లీషే ప్రధాన భాష అయింది. దానితోబాటు ప్రతి విద్యార్థీ ఒక ‘మాతృభాష’ చదవాలి. భారతీయ భాషల్లో అధికార హోదా ఉన్నది తమిళానికే. తరువాత హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు కూడా అనుమతి లభించింది. ఆ జాబితాలో తెలుగు లేదు. కనుక తెలుగింటి పిల్లలు సాధారణంగా హిందీయో తమిళమో తీసుకుంటారు. బడి లెక్కలో వారి మాతృభాష వారి తల్లి మాట్లాడని భాష! ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ‘మాతృభాష’ పీరియడ్‌లో హిందీ. ఇలాంటి ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడికి నత్తి కనబడితే, ఒక భాష తగ్గించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఇంగ్లీషు మానడం కుదరదు, హిందీకి మార్కులున్నాయి. పోయేది తెలుగే.

ఈ సలహాకు ఆధారముందా? నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. చాలామంది పిల్లల్లో అదే తగ్గిపోతుంది; పెద్దవారిలో ఇంచుమించు నూటికొకరికి మిగులుతుంది. నత్తి వంశాల్లో నడుస్తుందని చాలాకాలంగా తెలుసు. 2010లో అమెరికాలో డెనిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్ కుటుంబాలతో మొదలైన తమ అధ్యయనంలో, నత్తితో సంబంధమున్న జన్యుమార్పులు కొన్నింటిని గుర్తించింది. మాటకు సంబంధించిన మెదడు భాగాల మధ్య అనుసంధానంలో తేడాలున్నట్టు స్కానుల్లో కనిపిస్తోంది. కాబట్టి పెంపకాన్నో, పసితనంలో వస పోయకపోవడాన్నో తప్పుపట్టి ప్రయోజనం లేదు. మరొక సంగతి: రెండు భాషలు నేర్చుకుంటున్న పిల్లలు మాట కోసం వెతుక్కుంటూ ఎక్కువగా ఆగుతారు, పదాలు తిరిగి పలుకుతారు. ఆ సహజమైన తొట్రుపాటును నత్తిగా పొరబడడం అరుదు కాదు.

2009లో లండన్‌లో పీటర్ హోవెల్ బృందం చేసిన పరిశోధనను కొందరు ఆధారంగా చూపుతారు. అది సూచించింది వేరు. ఇంట్లో ఇంగ్లీషు కాని భాష ఉంటే, ఇంగ్లీషు నేర్పడం కొంత ఆలస్యం చేస్తే మేలు కావచ్చునన్నది ఆ బృందం మాట. ఆ నిర్ణయాన్ని కూడా ఇతర పరిశోధకులు విమర్శించారు. ఏమైనా, ఇంటిభాషను మానమని చెప్పడానికి అది పనికిరాదు.

ఈ విషయంలో బాగా ఉపయోగపడే పరిశోధన సింగపూర్‌లోనే జరిగింది. సింగపూర్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసిన స్పీచ్ థెరపిస్ట్ వాలెరీ లిమ్, ఆస్ట్రేలియాకు చెందిన మార్క్ ఆన్స్‌లో మొదలైనవారితో కలిసి 2008లో దాన్ని ప్రచురించారు. ఇంగ్లీషు, మాండరిన్ రెండూ మాట్లాడే, 12 నుంచి 44 ఏళ్ళ వయసున్న 30 మంది నత్తి ఉన్నవారిని ఎంచుకున్నారు. వారిలో 15 మందికి ఇంగ్లీషు మీద, నలుగురికి మాండరిన్ మీద పట్టు ఎక్కువ. 11 మందికి రెండూ సమానం. ఒక్కొక్కరితో ప్రతి భాషలోనూ పదేసి నిమిషాల సంభాషణలు మూడేసి జరిపి, నూటికి ఎన్ని అక్షరాలు తడబడ్డాయో రెండు భాషలూ తెలిసిన ఇద్దరు చికిత్సకుల చేత లెక్కకట్టించారు. పట్టు తక్కువగా ఉన్న భాషలో నత్తి ఎక్కువగా తేలింది. రెండూ సమానంగా వచ్చినవారిలో నత్తి కూడా రెండింటా ఇంచుమించు సమానం. అంటే నత్తి ఇంగ్లీషుదీ కాదు, మాండరిన్‌దీ కాదు. మనిషితో ఉన్న నత్తి, వాడుక తగ్గిన భాషలో ఎక్కువగా పైకి తేలుతుంది.

ఈ ఫలితాన్ని తెలుగింటికి అన్వయించి చూస్తే ఒక విషవలయం కనిపిస్తుంది. బడికి వెళ్ళిన రెండు మూడేళ్ళకు పిల్లవాడికి ఇంగ్లీషు మీద పట్టు పెరుగుతుంది. అమ్మమ్మతో ఫోనులో తెలుగు మాట్లాడేటప్పుడు నత్తి ఎక్కువవుతుంది. తెలుగువల్లే ఇబ్బంది అనుకుని తల్లిదండ్రులు తెలుగు తగ్గిస్తారు. తగ్గించిన కొద్దీ పట్టు సడలుతుంది, పట్టు సడలిన కొద్దీ తడబాటు పెరగవచ్చు. ఫలితాన్ని చూసి కారణమనుకోవడం వైద్యంలో కొత్త పొరపాటేమీ కాదు.

పిల్లవాడు కూడా ఊరుకోడు. ‘పుస్తకం’ అనబోతే ‘పు’ దగ్గర పెదవులు బిగుసుకుంటాయని ముందే తెలిసి, ‘బుక్’ అంటాడు. అదీ కుదరకపోతే ‘అది’ అని చూపిస్తాడు. రెండు భాషలు తెలిసినవాడికి దాక్కోవడానికి చోట్లు రెండింతలు. పెద్దలకు కనిపించేది ‘వాడికి తెలుగు రాదు’ అన్నదే. మార్చడానికి వీల్లేని మాట ఒక్కటే, తన పేరు. నత్తి ఉన్న చాలామందికి తమ పేరు చెప్పడమే అన్నింటికన్నా కష్టం కావడానికి అదొక కారణం.

మామ్ చేసినదీ ఇలాంటిదే. 1915లో వెలువడిన ఆత్మకథవంటి నవల ‘ఆఫ్ హ్యూమన్ బాండేజ్’లో కథానాయకుడికి తన నత్తి ఇవ్వలేదు; వంకరపాదం ఇచ్చాడు. కాగితం మీద కూడా మాట మార్చుకున్నాడు.

దీనికి విరుద్ధమైన దారి పట్టినవాడు చార్లెస్ వాన్ రైపర్ (1905–1994). అమెరికాలో నత్తి చికిత్సకు పునాదులు వేసినవారిలో ఒకడు. స్వయంగా తీవ్రమైన నత్తి ఉన్నవాడు. యువకుడిగా ఉన్నప్పుడు మాట్లాడే బాధ తప్పించుకోవడానికి చెవిటిమూగవాడిలా నటిస్తూ ఒక పొలంలో కూలిపని చేశాడు. ఆ పని వదిలి వెళ్తుండగా దారిలో ఒక వృద్ధుడు కారు ఎక్కించుకున్నాడు. పేరు అడిగితే వాన్ రైపర్ ముఖం వంకర్లు పోయింది, వృద్ధుడు నవ్వాడు. కోపగించుకున్న యువకుడికి ఆయన చెప్పిన సంగతి ఇది: తనకూ నత్తే, అయితే ఈ వయసులో దానితో కుస్తీ పట్టే ఓపిక లేక మాటలను వాటి మానాన జారనిస్తున్నాడు. నత్తి లేకుండా మాట్లాడడం కాదు, సుళువుగా నత్తిపడడం నేర్చుకోవచ్చునని వాన్ రైపర్‌కు అప్పుడు తోచింది. తరువాత ఆయన రూపొందించిన చికిత్సకు మూలం అదే: ముందు దాచడం మానాలి, భయపడే మాటను కావాలని పలకాలి, ఆపైన బిగింపును వదులు చేయాలి. దీన్ని చేతులెత్తేయడంగా భావించేవారున్నారు. అది సరికాదు. అంగీకారం ఇక్కడ చికిత్సలో మొదటి మెట్టు. బడి ఈడుకు ముందే నత్తి నిలిచిపోతోందనిపిస్తే లిడ్‌కూంబ్ వంటి పద్ధతులతో వెంటనే చికిత్స మొదలుపెట్టాలి, వాన్ రైపర్ కథ చెప్పుకుంటూ కూర్చోకూడదు.

సింగపూర్‌లో ప్రాథమిక విద్య ముగిసేచోట పీఎస్‌ఎల్‌ఈ పరీక్ష ఉంది. అందులో పాఠం పైకి చదవాలి, పరీక్షకుడితో సంభాషించాలి. ప్రత్యేక అవసరాలున్నవారికి వెసులుబాటు కోరే మార్గమూ ఉంది. అయితే అడగాలంటే నత్తి అన్న మాటను కాగితం మీద పెట్టాలి. ఇంట్లోనే ఆ మాట పైకి అనని కుటుంబం అక్కడే ఆగిపోతుంది.

థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంగ్లీషు సంభాషణ ఒక్కటే కాక, అమ్మమ్మతో తెలుగులో మాట్లాడిన పది నిమిషాలు కూడా రికార్డు చేసి తీసుకెళ్ళడం మంచిది. వినేవారికి తెలుగు రాకపోవచ్చు. అక్షరం ఎక్కడ బిగుసుకుందో వారు పట్టుకోగలరు గాని, పిల్లవాడు ఎక్కడ ‘పుస్తకం’ అనబోయి ‘బుక్’ అన్నాడో పక్కన కూర్చున్న తల్లో తండ్రో చెప్పవలసిందే.